ఆల్బమ్‌లో లేని పది నెలలు

మా ఇంట్లో ఫోటో ఆల్బమ్‌లు నాలుగున్నాయి, వాటిలో దేంట్లోనూ నేను పుట్టలేదు. అంటే పొత్తిళ్ళలో ఉన్న ఫోటో, ఉయ్యాల్లో పడుకోబెట్టిన ఫోటో, బోర్లా పడి తల పైకెత్తి చూసే ఫోటో, ఇలాంటివేం లేవన్నమాట. నా మొదటి ఫోటోలోనే నేను బుద్ధిగా కూర్చుని ఉంటా, పైన రెండు పళ్ళు, కింద రెండు పళ్ళు, కెమెరా పట్టుకున్న మనిషిని అనుమానంగా చూస్తూ. వెనక అమ్మ చెయ్యి కనిపిస్తుంది, పడిపోతానేమో అని చాపి ఉంచిన చెయ్యి, అమ్మ మొహం మాత్రం ఫ్రేములో లేదు. ఫోటో వెనక నాన్న రాత: "అమ్మాయి ఇంటికొచ్చిన మూడో రోజు". కింద తారీఖు. ఆయనకి అన్నిటికీ తారీఖు వేసే అలవాటు, టార్చిలైట్లో బ్యాటరీలు మార్చినా వాటి మీద తారీఖు రాసేవారు.

అప్పటికి నాకు పది నెలలు. ఆ పది నెలలు ఎక్కడున్నా, ఎవరెత్తుకున్నారు, ఎవరి గొంతు వింటే ఏడుపు ఆపేదాన్ని, ఇవేవీ ఇంట్లో ఎవరికీ తెలీదు. దత్తత వెళ్ళిన వాళ్ళు కన్నవాళ్ళని వెతుక్కుంటున్నారు అనగానే అందరూ "అమ్మ కోసం" అనేసుకుంటారు. నాకు అమ్మ ఉంది కదా, ఎదురుగానే ఉంది, రోజూ తిడుతూనే ఉంది. నాకు కావాల్సింది ఆ పది నెలలు.

నన్ను పెంచుకున్నారని నాకు ఎప్పుడు తెలిసిందంటే చెప్పలేను, తెలియని రోజంటూ ఒకటి ఉన్నట్టు గుర్తులేదు. అమ్మ చిన్నప్పట్నుంచీ నిద్రపుచ్చుతూ అదే కథ చెప్పేది. మేమిద్దరం వెళ్ళాం, అక్కడ చాలామంది పిల్లలున్నారు, ఒక పిల్ల మాత్రం మీ నాన్న కళ్ళజోడు లాగేసింది, ఇంక ఆ పిల్లనే తెచ్చేసుకున్నాం, అని. కళ్ళజోడు దగ్గర నేను నవ్వాలి, అది రూలు. సినిమాల్లో చూపిస్తారు చూడండి, ఇరవయ్యో ఏట ఎవరో నోరుజారితే ఆ పిల్ల వానలో పరిగెత్తడం, మా ఇంట్లో అంత సీనేం జరగలేదు. రహస్యంలా దాచింది చుట్టాలే. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి "పాప అచ్చం నాన్న పోలికేనండీ" అన్నారంటే చాలు పెద్దమ్మ టక్కున టాపిక్ మార్చేసేది, అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసేది. అమ్మ మాత్రం "అవునండీ, నడక కూడా అంతే" అని హాయిగా ఒప్పేసుకునేది. నడక నిజంగానే అంతే. ఇద్దరం కుడికాలు కొంచెం ఈడుస్తాం, ఆయనకి చిన్నప్పుడు కాలు విరిగినందువల్ల, నాకు ఆయన వెనకాల నడిచినందువల్ల.

ఇంక మనలాంటి వాళ్ళు కనిపిస్తే జనం కర్ణుణ్ణి పట్టుకొస్తారు. నాకు ఆ పోలిక చిన్నప్పట్నుంచీ చిరాకు, పెట్టెలో పెట్టి ఏట్లో వదిలేసిన సీను ఒక్కటే అందరికీ గుర్తు మరి. పెద్దయ్యాక ఉద్యోగపర్వం చదివితే వేరే కర్ణుడు కనిపించాడు. రాయబారం చెడిపోయి తిరిగెళ్తూ కృష్ణుడు ఇతన్ని రథం ఎక్కించుకుని, నువ్వు కుంతి కొడుకువి, వచ్చెయ్, రాజ్యం నీదే అంటాడు కదా, దానికి కర్ణుడు చెప్పే జవాబులో అతన్ని పెంచిన తల్లి రాధ వస్తుంది. నన్ను చూడగానే ప్రేమకి ఆవిడకి పాలొచ్చాయి, నా మలమూత్రాలు ఆవిడే ఎత్తింది, ఆవిడకి పిండం ఎగ్గొట్టి ఎలా వస్తాను అంటాడు. ఎదురుగా అంత పెద్ద యుద్ధం పెట్టుకుని, కృష్ణుడి రథం మీద కూర్చుని, తన ఉచ్చగుడ్డల గురించి మాట్లాడిన వీరుడు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. అప్పట్నుంచీ ఆ పోలిక మీద చిరాకు తగ్గింది.

ఇంట్లో ఇలా ఉండేది గానీ బయటికెళ్తే నా పని నాకుండేది. బస్సులో, రైల్వే ప్లాట్‌ఫాం మీద, సినిమా హాల్లో ఇంటర్వెల్లో, జనం ఉన్న ప్రతిచోటా మొహాలు చూడ్డం. నాకు గడ్డం మీద చిన్న సొట్ట ఉంది, ఎడమ పక్కకి కొంచెం జరిగి. అలాంటి సొట్ట ఉన్న ఆడమనిషి కనిపిస్తే చాలు వయసు లెక్కేసేదాన్ని, ఈవిడకి ఇప్పుడు ముప్పై ఐదుంటే నేను పుట్టినప్పటికి ఎంతుంటాయి అని. అదేదో పెద్ద బాధ అనుకోకండి, అదొక ఆట, అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఆడేదాన్ని. ఒకసారి ఒకావిడ, నేను మరీ గుచ్చి గుచ్చి చూస్తుంటే, "ఏంటమ్మా, మీవాళ్ళెవరైనా తప్పిపోయారా?" అని అడిగింది. లేదండీ అన్నా.

డిగ్రీ టైంలో కొన్నాళ్ళు కోపం వచ్చింది, పోయింది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, ఆ వయసులో అందరికీ ఏదో ఒక కోపం ఉంటుంది, నా కోపానికి కారణం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది అంతే.

అసలు కదిలించింది తలనొప్పి. ఇరవై దాటాక మొదలైంది. ముందు కంటి మూల ఒక మెరుపు గీత వస్తుంది, వంకరటింకరగా, అది నెమ్మదిగా పెద్దదై చూపులో సగం కమ్మేసి అరగంటకి పోతుంది, ఆ తర్వాత సగం తల పగిలిపోతుంది. డాక్టరమ్మ దీన్ని ఆరాతో వచ్చే మైగ్రేన్ అంటారని చెప్పి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది, అమ్మకుందా, అమ్మమ్మకి ఉండేదా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పక్షవాతం వచ్చిందా, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం లాంటిది ఉందా, అని వరసపెట్టి అడిగింది. ఆరా ఉన్న ఆడవాళ్ళకి ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇవ్వరట, పక్షవాతం రిస్క్ పెరుగుతుంది కాబట్టి, అందుకని ఈ వివరాలన్నీ కావాలి. నేను ప్రతిదానికీ తెలీదండీ, తెలీదండీ అంటున్నా. పక్కన అమ్మ ప్రతి ప్రశ్నకీ నోరు తెరవబోయి ఆగిపోతోంది, తన వైపు జబ్బులన్నీ నాలుక చివరన ఉన్నాయి పాపం, ఏం లాభం. డాక్టరమ్మ ఫ్యామిలీ హిస్టరీ అన్నచోట "తెలియదు" అని రాసి కింద గీత కొట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ తన మీద తనే కేసు పెట్టుకుంది. చిన్నప్పుడు ఎండలో తిప్పాను, రాత్రిళ్ళు గుడ్డి లైటు కింద చదవనిచ్చాను, జ్వరం వస్తే ఆ సిరప్పు ఒక చెంచా ఎక్కువ పోశానేమో, ఆ డాక్టరు దగ్గరికి కాకుండా ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది, ఇలా ఏళ్ళ తరబడి నడిచింది ఆ విచారణ. నాకు తలనొప్పి వచ్చిన ప్రతిసారీ కేసు రీఓపెన్ అయ్యేది.

వెతకాలని మనసులో పడింది అప్పుడే, మొదలెట్టింది మాత్రం నాన్న పోయాక. ఆయన వద్దనే మనిషి కాదు, అయినా ఆయన ఉండగా ఎందుకో ఆ పని పెట్టుకోవాలనిపించలేదు. ముందు పెద్దమ్మకి చెప్పా, అమ్మ ఎలా తీసుకుంటుందో కొంచెం కదిపి చూడమని. పెద్దమ్మ కదపడం మానేసి ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేసింది. అమ్మ నాతో ముభావంగా ఉండటం మొదలెట్టింది, పిలిస్తే పలుకుతుంది అంతే, టీవీ సౌండ్ పెంచేస్తుంది. నాకు భయం పట్టుకుంది, పోనీ వదిలేద్దాం ఇదంతా అని కూడా అనుకున్నా. చివరికి తెగించి అడిగితే, "వెతుక్కుంటే వెతుక్కో, నేను వద్దన్నానా? మీ పెద్దమ్మకి ముందు చెప్పడమేంటే? రోజూ ఫోన్ చేసి నన్ను ఓదారుస్తోంది, నాకేదో అయిపోయినట్టు!" అంది. మర్నాడు పొద్దున్నే బీరువా లాకర్లోంచి ఒక ఆకుపచ్చ ఫైలు తీసి నా ముందు పడేసింది.

ఫైల్లో ఏముంది అంటే, కోర్టు అనుమతి కాపీ, రిజిస్టర్ చేసిన దత్తత దస్తావేజు, నా బర్త్ సర్టిఫికెట్. సర్టిఫికెట్‌లో తల్లి అన్నచోట మా అమ్మ పేరే ఉంది, అందుకని వెతకడానికి అది పనికిరాదు. మిగతాదంతా 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద జరిగింది. కన్నవాళ్ళు విడిచిపెట్టేసిన బిడ్డనో, ఎవరు కన్నారో తెలియని బిడ్డనో సంస్థ తరఫున సంరక్షకులు దత్తత ఇవ్వాలంటే కోర్టు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకున్న కాగితం ఇది. ఆ చట్టం నేను అప్పటిదాకా చదవలేదు, ఫైలు పక్కన పెట్టుకుని కూర్చుని చదివా. 12వ సెక్షన్ ఏమంటుందంటే దత్తత రోజు నుంచి పుట్టింటి బంధాలన్నీ తెగిపోయినట్టే, ఒక్కటి తప్ప, ఆ కుటుంబంలో ఉండిపోయి ఉంటే ఎవర్ని పెళ్ళి చేసుకోకూడదో వాళ్ళని ఇప్పుడూ చేసుకోకూడదు. చాలాసేపు నవ్వా. ఆ కుటుంబం ఏదో చెప్పరు, అందులో వాళ్ళని మాత్రం చేసుకోకూడదు, ఎలా కుదురుతుంది నాయనా ఇది? అమ్మ కళ్ళజోడు పెట్టుకుని నా పక్కనే చదువుతోంది, నేను నవ్వడం అయ్యాక 15వ సెక్షన్ మీద వేలు పెట్టి చూపించింది. చెల్లిన దత్తతని పెంచినవాళ్ళు గానీ ఇంకెవరు గానీ రద్దు చెయ్యలేరు, దత్తత వెళ్ళిన మనిషి కూడా దాన్ని వదులుకుని పుట్టింటికి తిరిగిపోలేరు. "ఇది చదివావా?" అంది. చదివానమ్మా అన్నా.

కోర్టు కాగితంలో నా గురించి ఉన్నది ఒకే లైను, విడిచిపెట్టబడిన ఆడశిశువు అని, పుట్టిన తేదీ, సంస్థ పేరు. అంతే.

ఇప్పుడైతే ఇలా మూలాలు వెతుక్కోవడానికి ఒక పద్ధతుంది, రూట్ సెర్చ్ అంటారు. నన్ను తెచ్చుకున్నప్పటికి దత్తతలు చూసే కారా అనే కేంద్ర సంస్థే లేదు, అది 1990లో వచ్చింది, అందుకని నా కాగితాలన్నీ చేత్తో రాసినవే. పద్దెనిమిది దాటిన వాళ్ళు సొంతంగా అప్లై చేసుకోవచ్చు, ఆ లోపు వాళ్ళయితే పెంచినవాళ్ళతో కలిసి చెయ్యాలి. మూడో మనిషి మన తరఫున వెతకడానికి వీల్లేదు. మనకి తెలుసుకునే హక్కుంది గానీ అది కన్నవాళ్ళ గోప్యతని దాటకూడదు, వాళ్ళు కలవబోమన్నా, దొరక్కపోయినా ఏ పరిస్థితుల్లో అప్పగించారో అది చెప్తారు. రూల్స్ చదివితే సింపుల్‌గానే ఉంటాయి, అప్లికేషన్ పెట్టాక జవాబు కోసం కూర్చోవడమే కష్టం.

ఆ కూర్చున్న రోజుల్లో రాత్రిళ్ళు ప్రపంచం మీద పడి చదివా. స్కాట్లాండ్‌లో పెద్దయిన దత్తపిల్లలు తమ అసలు జనన నమోదు చూసుకునే హక్కు 1930 నుంచే ఉందట, పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో మాత్రం 1975 చట్టం దాకా ఆగాల్సొచ్చింది, అది కూడా అంతకుముందు దత్తత అయిన వాళ్ళయితే ముందు ఒక కౌన్సిలర్‌తో కూర్చుని మాట్లాడాకే కాగితం చేతికిస్తారు. మొదట నాకిది అతి అనిపించింది, తర్వాత అనిపించలేదు, ఎందుకో కింద చెప్తా. అర్జెంటీనా సంగతి చదివిన రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. 1976 నుంచి 83 దాకా సైనిక పాలనలో ఎత్తుకుపోయిన ఆడవాళ్ళకి పుట్టిన పిల్లల్ని వేరే ఇళ్ళకి ఇచ్చేశారు, వాళ్ళ అమ్మమ్మలు, నానమ్మలు 1977లో ఒక గుంపుగా మొదలై ఇప్పటికీ వెతుకుతున్నారు, 130 మందికి పైగా మనవల్ని కనిపెట్టారు. మధ్యలో తల్లిదండ్రుల తరమే లేకుండా పోతే నానమ్మ రక్తంతో మనవణ్ణి ఎలా తేల్చాలి అనే లెక్కని మేరీ క్లేర్ కింగ్ అనే జన్యుశాస్త్రవేత్త సాయంతో సాధించారు, 1987లో దానికోసం ఏకంగా ఒక జాతీయ జన్యు బ్యాంకే పెట్టారు. 1989 బాలల హక్కుల ఒప్పందంలో బిడ్డ గుర్తింపుని కాపాడాలనే ఎనిమిదో అధికరణం ఉంది చూడండి, అది అర్జెంటీనా పట్టుబట్టి పెట్టించిందే. నా కేసుకీ దానికీ ఏం సంబంధం లేదు, నన్నెవరూ ఎత్తుకుపోలేదు, అయినా ఆ ముసలమ్మల ఫోటోలు చూస్తుంటే నాకోసం కూడా ఎవరైనా అలా, అని ఒక వెర్రి ఆలోచన. దక్షిణ కొరియాలో ఇంకో రకం. విదేశాలకి పంపిన పిల్లల కాగితాల్లో తల్లిదండ్రులు తెలిసినా అనాథ అని రాసేసిన కేసులున్నాయని అక్కడి సత్య కమిషన్ 2025లో తేల్చింది. దాన్ని చదువుతున్నప్పుడు నా ఆకుపచ్చ ఫైల్లో ఉన్న ఒక్క లైను గుర్తొచ్చింది. కాగితం మీద రాసిందంతా జరిగిందని గ్యారంటీ ఏముంది?

"ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావ్" అని అడిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ కూడా దత్తత వెళ్ళినవాడే, తోడబుట్టిన చెల్లెల్ని కలుసుకుని జీవితాంతం దగ్గరగా ఉన్నాడు, కన్నతండ్రిని మాత్రం వద్దనుకున్నాడు. ఎవరికి ఎంతవరకు కావాలో వాళ్ళకే తెలుస్తుంది.

సంస్థ నుంచి రమ్మని పిలుపొచ్చినప్పుడు అమ్మ కూడా వస్తానంది. బిల్డింగు మారిపోయిందిట, అమ్మ మెట్ల దగ్గర ఆగి "ఇది కాదే" అంది రెండుసార్లు. సోషల్ వర్కర్ నాకంటే చాలా చిన్నమ్మాయి, మమ్మల్ని కూర్చోబెట్టి లోపల్నుంచి ఒక పొడుగాటి లెడ్జర్ పట్టుకొచ్చింది, గుడ్డ బైండింగు, మూలలు చెదలు తిని ఉన్నాయి. ఇటు తిప్పబోయే ముందు తల్లి వివరాలున్న కాలమ్ మీద ఒక తెల్ల అట్టముక్క పెట్టి పైనొకటి కిందొకటి క్లిప్పులు పెట్టింది. "సారీ మేడమ్, ఆవిడ ఒప్పుకుంటేనే" అంది. పర్లేదమ్మా అన్నా. అట్టముక్క కొంచెం పొట్టిది, కింద ఒక అక్షరం తోక బయటికి కనిపిస్తోంది, నీలం ఇంకు, కొమ్ము అయ్యుండాలి. ఆవిడ పేరులో ఎక్కడో ఒక కొమ్ము ఉంది, నాకు తెలిసింది అంతవరకే. ఆవిడ గోప్యత, నా హక్కు, రెండూ ఆ అట్ట కింద ఇరుక్కుని కూర్చున్నాయి.

మిగతా కాలమ్స్ చదువుకోవచ్చు. తారీఖు, బరువు, పాలు, టీకా, సంతకం. వారానికి ఒక లైను. మొదటి లైను నేను పుట్టిన రెండోరోజుది, బరువు రెండు కేజీల మూడొందలు. పాలు అన్నచోట "త.పా." అని ఉంది. రెండో వారం త.పా., మూడో వారం త.పా., కింద లైన్లలో పైది రిపీట్ అని రెండు చుక్కలు. నాకు వెంటనే వెలగలేదు. అమ్మే అంది, తల్లి పాలు అని.

ఆరు వారాలు అలా ఉంది. ఏడో వారం లైన్లో "డబ్బా". ఆ వారం బరువు మూడు కేజీల నాలుగొందల నుంచి మూడు రెండొందలకి పడిపోయింది. తర్వాతి వారం కూడా పెరగలేదు. పక్కన ఖాళీలో ఎర్ర ఇంకుతో, వేరే చేతిరాతతో, "తాగటం లేదు, చెంచాతో పట్టాలి" అని ఉంది. ఆ పైవారానికి నూట యాభై గ్రాములు పెరిగా. అక్కణ్ణుంచి లైన్లన్నీ మామూలే, బరువు పెరగడం, టీకాలు, ఒకచోట విరోచనాలు, ఒకచోట పళ్ళు.

ఇంగ్లండ్‌లో కౌన్సిలర్‌ని ఎందుకు కూర్చోబెడతారో నాకు అప్పుడు అర్థమైంది. రెండొందల గ్రాములు అన్న అంకె చూసి నేను కదల్లేకపోయా. విడిచిపెట్టబడిన శిశువు అని కోర్టు కాగితంలో ఉంది కదా, ఇదేంటి అని అడిగితే ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది, అప్పట్లో కొంతమంది తల్లులు కాన్పయ్యాక కొన్నాళ్ళు పక్కనే ఉన్న హోమ్‌లో ఉండి పిల్లలకి పాలిచ్చేవాళ్ళు, కోర్టుకెళ్ళేసరికి చట్టంలో ఉన్న మాటే రాసేవాళ్ళు అని. ఇప్పుడైతే బిడ్డని అప్పగించిన తల్లి మనసు మార్చుకోవడానికి 2015 చట్టం అరవై రోజులు టైం ఇస్తుంది. ఆవిడకి అలాంటి టైం ఎవరూ ఇచ్చినట్టు లేదు, ఆవిడే ఆరువారాలు తీసుకుంది.

అమ్మ ఆ ఎర్ర ఇంకు దగ్గరే ఉండిపోయింది. "చెంచాతో ఎవరు పట్టారమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయిని. ఆ సంతకం ఒక ఆయాదిట, రిటైరై అక్కడికి దగ్గర్లోనే ఉంటోందిట, ఫోన్ చేస్తే వచ్చింది. బాగా పెద్దావిడ, చెవులు సరిగా వినపడవు. నన్ను ఎగాదిగా చూసి, "ఎంతమంది పిల్లలమ్మా, ఎవర్నని గుర్తుంచుకోను" అంది నిర్మొహమాటంగా. అక్కడ నన్నేమని పిలిచేవారండీ అంటే "చిట్టి" అంది. నేను కరిగిపోయేలోపే "ఆడపిల్లలందర్నీ చిట్టే అనేవాళ్ళం" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి కాసేపు చూసి, "మీరు కళ్ళజోడాయన భార్య కదూ అమ్మగారూ?" అంది.

అమ్మ నోటమాట రాలేదు. పిల్లలు వందలమంది, అందరూ ఒకేలా ఏడుస్తారు, తీసుకెళ్ళడానికొచ్చే వాళ్ళే ఆవిడకి గుర్తుంటారట. "పాప లాగితే ఒక అద్దం ఊడి కిందపడి పగిలింది కదమ్మా, ఆ బాబుగారు ఒక కన్ను మూసుకుని సంతకాలు పెట్టారు, మేం లోపలికెళ్ళి నవ్వుకున్నాం" అంది. ఈ అద్దం సంగతి మా కథలో లేదు! అన్నేళ్ళు రోజూ చెప్పిన కథలో అద్దం పగల్లేదు. అమ్మ మర్చిపోయింది, నాన్న చెప్పలేదు. ఆ దస్తావేజు మీద నాన్న సంతకం గీతకి పైకెక్కి వంకరగా ఎందుకుంటుందో ఇన్నాళ్ళకి తెలిసింది, నిన్నమొన్నటిదాకా కంగారులో పెట్టారేమో అనుకున్నాం. అమ్మ అక్కడే కూర్చుని నవ్వుతూ ఏడ్చింది, ఆయా అమ్మ చెయ్యి పట్టుకుంది, నేను మధ్యలో లెడ్జర్ పట్టుకుని నిలబడ్డా.

ఈలోగా డీఎన్ఏ టెస్ట్ కూడా అయింది లెండి, ఒక ఫ్రెండ్ పోరు పడలేక ట్యూబులో ఉమ్మి పంపించా. దాని గురించి టూకీగా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఇద్దరి మధ్య ఎంత డీఎన్ఏ కలుస్తుందో సెంటీమోర్గాన్లలో ఇస్తారు, తల్లీబిడ్డలకైతే దాదాపు 3,400, సొంత బాబాయి, పెదనాన్న, మేనమామల పిల్లలయితే సుమారు 850, థర్డ్ కజిన్స్, అంటే ముత్తాతల అమ్మానాన్నల దగ్గర కలిసేవాళ్ళయితే 70 అటూ ఇటూ. నాకొచ్చినవన్నీ ఈ చివరి రకమే. అందులోనూ మన దగ్గర ఇంకో చిక్కుంది, తరతరాలుగా ఒకే కులంలో పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారు కదా, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న టీమ్ 2009లోనే ఇది జన్యువుల్లో ఎంత గట్టిగా కనిపిస్తుందో చూపించింది, అందువల్ల ఎక్కడో దూరపు వాళ్ళు కూడా చిన్నచిన్న ముక్కలు బోలెడు కలిసి దగ్గరి వాళ్ళలా కనిపిస్తారు. అంకె చూసి ఎగిరి గంతేయకూడదు. అలా కలిసిన ఒకబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు, "హాయ్ అండీ, మనం కజిన్స్ అంట! మీ ఇంటిపేరేంటి?" అని. నేనూ అదే అడుగుదామనుకున్నానండీ అని రాశా.

చాలా నెలల తర్వాత సోషల్ వర్కర్ ఫోన్ చేసింది. ఆవిడ దొరికారు మేడమ్, బాగున్నారు, కానీ కలవలేనన్నారు. పెళ్ళయింది, పెద్ద కుటుంబం, వాళ్ళెవరికీ తెలీదు, ఇప్పుడు చెప్పలేనన్నారు. పెళ్ళికి ముందు, ఇంట్లో వాళ్ళకి తెలియకుండా, ఆదుకుంటానన్న మనిషి రాలేదు, ఇదీ ఆ రోజుల కారణం. బాధ వేసింది, ఎందుకు వేయదు, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. కానీ కోపం రాలేదు. ముప్పై ఏళ్ళ పైన మోసిన గుట్టుని ఒక్క ఫోన్‌కాల్‌తో దించెయ్యమంటే ఎవరైనా దించుతారా?

ఆరోగ్యం గురించి ఒక పేజీ ప్రశ్నలు రాసి పంపానని చెప్పలేదు కదా, వాటికి మాత్రం జవాబులు చెప్పారట. సోషల్ వర్కర్ పక్కపక్కనే రాసి పంపింది. షుగర్ లేదు. పక్షవాతం ఎవరికీ రాలేదు. రక్తం గడ్డకట్టడం లేదు. పార్శ్వపు నొప్పి ఉంది, కళ్ళముందు మెరుపు గీతలొచ్చి మొదలవుతుంది, వాళ్ళమ్మగారికీ ఉండేది. పేజీ చివర, నా ప్రశ్నలన్నీ అయిపోయాక, ఆ అమ్మాయి తన తరఫున ఒక లైను చేర్చింది. "ఆవిడ ఒక్కటి అడిగారు మేడమ్. తను వెళ్ళిపోయాక పాప పాలు తాగిందా అని."

నేను వెంటనే ఫోన్ చేశా. తాగిందని చెప్పమన్నా. మొదట రెండు వారాలు తాగలేదు, చెంచాతో పట్టారు, మూడో వారం నుంచి బాగా తాగింది, నూట యాభై గ్రాములు పెరిగింది, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పమన్నా. రెండొందలు తగ్గిన ముక్క చెప్పాలా మేడమ్ అంది. కాసేపు ఆలోచించి, అది వద్దులే అన్నా.

కాగితం అమ్మకిచ్చా. కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచీ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది, పార్శ్వపు నొప్పి దగ్గర ఆగింది, మళ్ళీ చదివింది. "అంటే ఆవిడకీ ఉందా? వాళ్ళమ్మకి కూడానా?" అంది. అవునన్నా. లేచి వెళ్ళి ఫోన్ తీసుకుని పెద్దమ్మకి కలిపింది, అవతల హలో అనేలోపే, "అక్కా, దీని తలనొప్పి వాళ్ళ వైపు నుంచిట, ఎండా కాదు, సిరప్పూ కాదు! నువ్వన్నావు చూడూ ఆ రోజు, నీ గారాబం వల్లే అని, ఏదీ ఇప్పుడను" అంది.